సారు వస్తేనే మంచిగుండే నెట్టు

2010 ఆగస్టులో నన్ను మెదక్ టెలిఫోన్ ఎక్స్‌చేంజికి సబ్ డివిజనల్ ఇంజనీరుగా బదిలీ చేశారు. మా వాడుకలో ఎస్.డి.ఈ. నా పైన సంగారెడ్డిలో డివిజనల్ ఇంజనీరు, నా కింద ఒక జూనియర్ ఆఫీసరు, ఐదుగురు లైన్‌మన్లు. జిల్లా పేరు మెదక్‌దే గానీ పెద్దాఫీసులన్నీ సంగారెడ్డిలోనే ఉండేవి. కాబట్టి మెదక్‌లో టెలిఫోన్ల వరకు పెళ్ళికొడుకునూ నేనే, పురోహితుణ్ణీ నేనే.

నేను పుట్టింది రేగోడ్‌లో. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫోనుకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు, మేం కనబడితే దండాలు పెట్టేవాళ్ళు. మెదక్ వచ్చేసరికి జనం అదే రాగితీగ మీద ఇంటర్నెట్ అడుగుతున్నారు, రాకపోతే తిడుతున్నారు. ఈ మధ్యకాలంలో దేశంలో ఏం మారిందని ఎవరైనా అడిగితే నేను ఇంతకంటే బాగా చెప్పలేను. ఒప్పుకోవలసింది ఇంకొకటుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది చేసిన నష్టం కూడా ఈ కథలో ఉంది.

ముందు మా పద్ధతి చెప్పాలి, లేకపోతే నా తప్పు ఎక్కడుందో అర్థం కాదు. ఎవరైనా కంప్లయింట్ ఇస్తే దానికి ఒక నంబరు పడుతుంది. లైన్‌మన్ వెళ్ళి చూస్తాడు. లోపం దొరికితే సరిచేసి ఏం చేశాడో రాస్తాడు. దొరక్కపోతే పరీక్షలన్నీ చేసి, రిజిస్టరు చివరి గడిలో ‘టెస్టెడ్ ఓకే’ అని రాస్తాడు. కింద నేను పొట్టి సంతకం పెడతాను. దాంతో కంప్లయింట్ మూసినట్టు. అదే ఇంటి నుంచి అదే కంప్లయింట్ మళ్ళీ వస్తే ‘రిపీట్ ఫాల్ట్’ అంటాం. నెలాఖరు మీటింగులో రిపీట్ ఫాల్టులు ఎక్కువున్న ఎస్.డి.ఈ.ని నిలబెట్టి అడుగుతారు. నేను ఎన్నడూ నిలబడలేదు. దాని మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఇంకో ఆచారం ఉంది. ఎవరింటికైనా వెళ్ళేముందు ఫోన్ చేసి ‘సారు వస్తున్నడు, ఇంట్ల ఉండుండ్రి’ అని చెప్పడం. తీరా పోయాక తాళం కప్ప కనబడితే పెట్రోలు దండగ కదా.

2011 ఫిబ్రవరిలో పెద్ద చర్చి వెనక వీధి నుంచి ఒక కంప్లయింట్ వచ్చింది. ఇంటాయన పేరు దేవదానం, మిషన్ బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్ళో సగంమంది ఆయన్ని సారూ అనే పిలుస్తారు, నేనూ అట్లాగే పిలిచేవాణ్ణి. కంప్లయింట్ ఇచ్చింది ఆయన కూతురు కరుణ. కొత్త ల్యాప్‌టాప్ కొన్నామని, వైఫైలో స్పీడు బొత్తిగా రావడం లేదని.

కరుణ చేసే పనిని మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. అమెరికాలో డాక్టరు రోగిని చూశాక వివరాలన్నీ నోటితో చెప్పి రికార్డు చేస్తాడు. ఆ మాటల ఫైలు హైదరాబాదులోని ఒక కంపెనీకి వస్తుంది. అక్కడి ఉద్యోగులు అది విని, టైపు చేసి తిప్పి పంపాలి. కరుణ ఆరేళ్ళు పట్నంలో హాస్టల్లో ఉండి ఆ పని చేసింది. తల్లికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయి, ఎవరైనా పట్టుకుంటేనే కాలీడ్చుకుంటూ నడిచే స్థితి కావడంతో ఇంటికి రావలసి వచ్చింది. ఆమె పనిమంతురాలు కాబట్టి కంపెనీ ఒక అవకాశం ఇచ్చింది. మూడు నెలలు ఇంటినుంచి చేసి చూపించాలి. ప్రతి ఫైలుకూ ఒక గడువు. గడువు దాటినవి మూడైతే ఇంటి పని రద్దు, పట్నం తిరిగి రావాలి. తల్లిని వదిలి పోలేదు కాబట్టి ఉద్యోగం పోయినట్టే. రోగుల కాగితాలు బయట తెరవకూడదని నియమం, అందుకని నెట్ సెంటరుకు పోయి చేసే దారి కూడా లేదు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజున నాకు తెలిసింది ఒక ఫోన్ నంబరు, ఒక కంప్లయింట్ నంబరు.

మొదట మల్లేశం వెళ్ళాడు. ఇరవై ఏళ్ళుగా మెదక్‌లోని స్తంభాలన్నీ ఎక్కి దిగిన లైన్‌మన్. స్తంభం నుంచి ఇంటిదాకా వచ్చే తీగ జాయింట్లు విప్పి, తుడిచి, మళ్ళీ కట్టాడు. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను వాళ్ళ మోడెంకు వైరుతో కలిపి చూశాడు. మోడెం అంటే రాగితీగ మీద వచ్చిన ఇంటర్నెట్‌ను ఇంట్లో పంచే డబ్బా, వైఫైని గాలిలోకి వదిలేదీ అదే. రెండు మెగాబిట్ల ప్లానుకు ఒకటీ ముప్పావు వస్తోంది. అది మంచి స్పీడే.

“లైను ముత్యమోలె ఉంది సార్” అన్నాడు వచ్చి. “వైరు పెట్టుకొని వాడుకో బిడ్డా అంటే, నడిమింట్లకు వైరు గుంజితే అమ్మ కాలికి తట్టుకుంటదంటున్నది.”

ఆ అమ్మ ఎవరో, కాలికి ఎందుకు తట్టుకుంటుందో నేను అడగలేదు. టెస్టెడ్ ఓకే అని రాశాడు, సంతకం పెట్టాను.

నాలుగు రోజులకు మళ్ళీ అదే కంప్లయింట్. ఈసారి నేనే పోదామనుకున్నాను. ఆచారం ప్రకారం ముందురోజు ఫోన్ చేయించాను.

వెళ్ళేసరికి ముందు గదిలో టీపాయ్ మీద అల్లికల గుడ్డ పరిచి ఉంది. దాని మీద కొత్త ల్యాప్‌టాప్, మూత తెరిచి, నా కోసం వేసిన కుర్చీ వైపు తిప్పి ఉంది. చార్జరు పెట్టి ఉంది. పక్కనే కిటికీలో మోడెం. లోపలి గదికి తెర వేశారు. దేవదానం సారు ఇస్త్రీ చొక్కాతో గుమ్మంలోనే ఎదురొచ్చి “రాండ్రి సార్, కూసోండ్రి” అన్నాడు. నేను కూర్చున్నాను. ల్యాప్‌టాప్ ఎవరిదో ఆ కరుణ మాత్రం తెర పక్కన చేతులు కట్టుకొని నిలబడింది. ఇందులో వింతేమీ నాకు కనబడలేదు. ముప్పై ఏళ్ళుగా ఏ ఇంటికి పోయినా నేను కూర్చునేవాణ్ణి, ఇంటివాళ్ళు నిలబడేవాళ్ళు.

శాస్త్రం ప్రకారం చూడవలసినవన్నీ చూశాను. వైఫైకి కూడా రేడియోకు ఉన్నట్టు చానెళ్ళుంటాయి. పక్కింటి మోడెం అదే చానెల్లో ఉంటే రెండూ ఒకదానికొకటి అడ్డం పడతాయి. చుట్టుపక్కల ఇంకో వైఫైయే లేదు. లైను మీద రొద ఎంతుందో చూశాను, చాలా తక్కువ. ల్యాప్‌టాప్‌లో వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్ కొత్తదే. స్పీడు పరీక్ష మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ మల్లేశం చెప్పిన అంకే వచ్చింది.

“ఇప్పుడైతే మంచిగనే ఉంది సార్. పని చేసేటప్పుడే సతాయిస్తది” అంది కరుణ, మెల్లగా.

పని చేసేటప్పుడు అంటే ఏ వేళ అని అడిగాను. ఏ వేళైనా అంతే అంది. ఎన్ని సినిమాలు దించుతారమ్మా రోజుకు, అని కూడా అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ పిల్ల ముఖం కందిపోయింది. చాయ, బిస్కట్లు వచ్చాయి. దేవదానం సారు నా పక్కన నిలబడి, సారు వచ్చిండు గద, ఇగ ఏం ఫికర్ లేదు అని కూతురికి ధైర్యం చెప్పాడు. నేను చాయ తాగి, ఆఫీసుకు వచ్చి, చివరి గడిలో నా చేత్తోనే టెస్టెడ్ ఓకే అని రాశాను.

వారం తిరక్కుండా మూడోసారి. అప్పటికి నెలాఖరు దగ్గర పడింది. మీటింగులో నా పేరు చదువుతారన్న మాట గుర్తొచ్చి ఒళ్ళు మండింది. ఫోన్ తీసి కరుణతో నేనే మాట్లాడాను. మా లైనులో ఏ లోపమూ లేదు, ఒకటికి రెండుసార్లు చూశాం, మీకు వాడరాకపోతే లైనేం చేస్తుంది అన్నాను. అటువైపు నుంచి “సరే సార్” అని మాత్రం వినపడింది.

మరునాడు దేవదానం సారు ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు. కూతురి ఉద్యోగం సంగతి, భార్య సంగతి అప్పుడే మొదటిసారి చెప్పాడు. రెండు ఫైళ్ళు గడువు దాటాయట, ఇంకొక్కటి దాటితే అంతేనట. ఆయన అడిగింది ఒక్కటే.

“లైన్ల జర ఫాల్టుండె, బాగు చేస్తున్నమని ఒక్క కాయితం రాసియ్యండ్రి సార్. మా బిడ్డ తప్పు కాదని కంపెనీకి చూపెట్టుకుంటది.”

నాకు జాలి వేసింది. వేయలేదని అనను. కానీ లేని లోపం ఉందని ప్రభుత్వ ముద్ర వేసి ఎట్లా రాస్తాను? ఆ మాటే మర్యాదగా చెప్పి ఉండొచ్చు. నేను అట్లా చెప్పలేదు. అబద్ధం రాయమంటున్నారా సారూ, బళ్ళో పిల్లలకు ఇదే నేర్పారా అన్నాను.

ఆయన లేచాడు. “మంచిది సార్, మీకు తక్లీఫ్ ఇచ్చినం” అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. మల్లేశం అక్కడే ఫైళ్ళు సర్దుతున్నాడు. “గా సారు దగ్గర్నే నేను అక్షరాలు దిద్దిన సార్. గా మనిషి ఎవ్వర్ని ఏదీ అడుగంగ నేను సూడలే” అన్నాడు. నీ పని నువ్వు చూసుకో అని కసిరాను.

మూడు రోజులకు బంద్ వచ్చింది. అది రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా ఉన్న కాలం. బంద్‌లు, ధర్నాలు, రాస్తారోకోలు మాకు అలవాటైపోయాయి. ఎక్స్‌చేంజికి మాత్రం బంద్ ఉండదు కాబట్టి పొద్దున్నే నడిచి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి నడిచి వస్తుంటే చౌరస్తా నిండా జనం. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఆటో లేదు, బస్సు లేదు, నడిరోడ్డున పెద్ద డేగిసాలో కిచిడీ ఉడుకుతోంది. రిటైరైన టీచర్లందరూ ఒక గుడారం కింద కూర్చున్నారు. అందులోంచి దేవదానం సారు లేచి వచ్చాడు.

నేను తల తిప్పుకొని పోదామనుకున్నాను. ఆయన తిప్పుకోనిస్తేగా. “ఇంత ఎండల నడిచొచ్చిండ్రు సార్. మా ఇల్లు గీడనే గద, మంచినీళ్ళు తాగి పోదురు రాండ్రి” అని చెయ్యి పట్టుకున్నాడు. మూడు రోజుల కిందట నేను అన్న మాట ఆయన మరిచిపోలేదు, అది నాకు తెలుసు. అయినా ఎండలో పోయే మనిషిని పిలవకుండా ఆయన ఉండలేడు. వెంట నడిచాను.

ఇంటి ముందుకు రాగానే ఆయనకు ఏదో గుర్తొచ్చింది. “ఒక్క నిమిషం ఆగుండ్రి సార్” అని గబగబా లోపలికి పోయాడు. నేను ఆగలేదు, దాహం అట్లా ఉంది. ఆయన వెనకే లోపలికి వెళ్ళాను.

ముందు గదిలో టీపాయ్ మీద గుడ్డ లేదు, ల్యాప్‌టాప్ లేదు. నడిమింటి తెర పక్కకు లాగి ఉంది. మంచం మీద ఒకామె ఒక పక్కకు తిరిగి పడుకొని ఉంది. మంచం పక్కనే నేల మీద కరుణ, ముందు చిన్న స్టూలు, దాని మీద ల్యాప్‌టాప్. చెవులకు హెడ్‌ఫోన్లు. కాలి కింద కుట్టు మిషనుకు ఉన్నట్టు ఒక పెడల్, మాటలు ఆపి ఆపి వినడానికి. నన్ను చూసి లేవబోయింది. మంచం మీది ఆమె నాలుక మడతపడుతూనే “సారుకు… నీళ్ళియ్యి” అంది.

కరుణ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండు గంటల లోపల పంపవలసిన ఫైలట. పావుగంట మాటలు వినాలి. ఆ మాటలే ఇంకా పూర్తిగా దిగలేదు. గంట నుంచి దిగుతూనే ఉన్నాయి, మధ్యలో రెండుసార్లు తెగిపోయి మళ్ళీ మొదటికి వచ్చాయి. గడియారం చూశాను, పన్నెండుంబావు. స్క్రీన్ వైపు చూశాను. వైఫై గీతలు నిండుగా ఉన్నాయి. ఫైలు దిగుతున్న పట్టీ మాత్రం కదలడం లేదు. ఆ ఇంటి లోపాన్ని నేను నా కళ్ళతో చూడటం అదే మొదటిసారి.

నేను నోరు తెరిచేలోపు దేవదానం సారు బీరువా మీద నుంచి ఒక అట్టపెట్టె దించాడు. అందులో చార్జరు, కొన్నప్పుడు ఎట్లా చుట్టి ఉందో అట్లాగే చుట్టి పెట్టుకున్నారు. దాన్ని విప్పి, గోడకున్న ప్లగ్గులో పెట్టి, పిన్ను ల్యాప్‌టాప్‌కు గుచ్చాడు. “లే బిడ్డా, సారు వచ్చిండు గద. ముందటింట్ల టీపాయ్ మీద పెడ్దాం, సారు కూసుంటడు.”

ఆయన ల్యాప్‌టాప్ ఎత్తడానికి వంగాడు. పట్టీ కదిలింది. కదలడం కాదు, ఉరికింది.

“ఆగుండ్రి!” అని అరిచాను. ఆయన బెదిరిపోయాడు. “ఎక్కడిదక్కడే ఉండనియ్యండ్రి. ఎవ్వరూ ముట్టుకోకుండ్రి.”

రెండు నిమిషాల్లో ఫైలు మొత్తం దిగింది. మోడెం అక్కడే ఉంది, ల్యాప్‌టాప్ అక్కడే ఉంది, మనుషులు అక్కడే ఉన్నారు. మారింది చార్జరు ఒక్కటే. వెంటనే దాన్ని పీకి మళ్ళీ చూడాలని నా చేతులు దురద పెట్టాయి. ముప్పై ఏళ్ళ కిందటి నేనైతే పీకేవాణ్ణే. కరుణ వైపు చూశాను, అప్పటికే పెడల్ మీద కాలు పెట్టి టైపు చేస్తోంది. ఆ పిల్ల ఉద్యోగం ఆ వైరు మీద వేలాడుతుంటే నా సరదాకు దాన్ని పీకడం ఏమిటని, పోయి గోడకు ఆనుకొని కూర్చున్నాను. దేవదానం సారు కుర్చీ తెస్తానంటే వద్దన్నాను.

కుక్కర్‌లోది ఏదో వేడి చేసి ఆయనే పెట్టాడు. తింటూ మెల్లగా అడిగాను, చార్జరు రోజూ పెట్టరా అని. పెట్టరు. షాపులో చెప్పి పంపారట, ఫుల్లుగ చార్జ్ చేసి, పిన్ను తీసి వాడుకోండ్రి, పెట్టి వాడితే బ్యాటరీ ఖరాబైతది అని. అందుకని వంటింట్లో చార్జ్ పెట్టి, నిండగానే పిన్ను తీసి, చార్జరు పెట్టెలో భద్రంగా దాచి, ల్యాప్‌టాప్ మంచం దగ్గరికి తెచ్చుకునేది.

“మరి నేను వచ్చిన రోజు పెట్టి ఉందే?”

“సారు పని చేస్తుంటే నడుమ బందయితే బాగుండదు గద సార్. అందుకే పెట్టినం. మల్లేశం వచ్చిన్నాడు గూడ పెట్టినం.” నవ్వాడు. “ఇన్‌స్పెక్టర్ వస్తుండంటే బడి సర్దుడు నాకు ముప్పై ఏండ్ల అలవాటు. చదువు వచ్చే పిల్లల్ని ముందట కూసోవెడ్తుంటి. ఇన్‌స్పెక్టర్ చూసి బడి మంచిగుందని రాసి పోతుండె.”

ఆయన్ని అనడానికి నాకు నోరేది? జనరల్ మేనేజర్ ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నాడంటే ఎక్స్‌చేంజి గోడలకు సున్నం వేయించి, పాత జాయింట్లున్న పెట్టెల ముందు పూలకుండీలు పెట్టించింది నేనే. ఆయన చూసి వెరీ గుడ్ అని రాసి పోయేవాడు.

ఒకటీ యాభైకి కరుణ హెడ్‌ఫోన్లు తీసింది. “పోయింది సార్, అందిందని జవాబు గూడ వచ్చింది” అంది. తల్లి మంచం పట్టె మీద తల ఆనించింది. దేవదానం సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నాకూ కళ్ళు తడిశాయి, దాచుకోవలసిన పని లేదు.

అప్పుడు పరీక్ష మొదలుపెట్టాను. ఈసారి ల్యాప్‌టాప్ ముందు కరుణనే కూర్చోమని, నేను వెనక నిలబడ్డాను. చార్జరు తీస్తే స్పీడు పడిపోయింది, పెడితే లేచింది. నాలుగుసార్లు చూశాం, నాలుగుసార్లూ అంతే. కారణం చెప్తాను. ల్యాప్‌టాప్‌లో వైఫై కోసం చిన్న రేడియో ఉంటుంది. బ్యాటరీ మీద నడిచేటప్పుడు కరెంటు ఆదా చెయ్యడానికి అది మధ్యమధ్య కునుకు తీస్తుంది. కునుకు తీసేముందు మోడెంకు ఒక కబురు చెప్తుంది, నాకు వచ్చినవి నేను లేచేదాకా నీ దగ్గర పెట్టు అని. కొన్ని పాత రకం మోడెంలకు ఆ కబురు అర్థం కాదు. నిద్రపోతున్న దానికే పంపుతూ ఉంటాయి. పంపింది పోతుంది, మళ్ళీ పంపుతాయి, మళ్ళీ పోతుంది. సిగ్నల్ గీతలు మాత్రం నిండుగానే కనిపిస్తాయి. ల్యాప్‌టాప్‌లోని పవర్ సెట్టింగుల్లో, బ్యాటరీ మీద ఉన్నప్పుడు కూడా వైఫై పూర్తి శక్తితో పనిచెయ్యాలని మార్చాం. రెండు నిమిషాల పని. చార్జరు పెట్టెలో ఉన్నా స్పీడు నిలబడింది. చార్జరు పెట్టుకొని పనిచేసినా కొంప మునగదని కూడా చెప్పాను.

బయలుదేరేముందు కరుణతో, ఫోన్‌లో నేనన్న మాట తప్పు, నీకు వాడరాక కాదు, నాకు చూడరాక అన్నాను. దేవదానం సారు రెండు చేతులూ పట్టుకున్నాను. “పోనియ్యండ్రి సార్” అన్నాడు.

మరునాడు కాగితం రాశాను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ ఇంటి వైఫైలో లోపం ఉన్నది నిజమని, మా సిబ్బంది ఒకసారి, నేను ఒకసారి పరీక్షించి కూడా కనిపెట్టలేకపోయామని, ఆ ఆలస్యానికి బాధ్యత నాదని. కింద పేరు, హోదా, ముద్ర. ఎస్.డి.ఈ. నేరుగా బయటి కంపెనీకి ఉత్తరం రాయకూడదు, డివిజనల్ ఇంజనీరు ద్వారా పంపాలి. అట్లా పంపితే మూడు నెలల గడువు అక్కడే తీరిపోతుంది. ఉత్తరం కరుణ చేతికే ఇచ్చి, నకలు సంగారెడ్డి పంపాను. రెండో రోజే డి.ఈ. ఫోన్ చేసి, నిన్నెవరయ్యా తప్పు ఒప్పుకోమంది అని అరగంట వాయించాడు. లిఖితపూర్వకంగా వివరణ అడిగాడు, ఇచ్చాను. నెలాఖరు మీటింగులో నిలబడ్డాను కూడా. కంపెనీ ఆ ఉత్తరాన్ని లెక్కలోకి తీసుకుందో లేదో తెలియదు. కరుణ ఉద్యోగం మాత్రం నిలిచింది, నేను రిటైరయ్యేనాటికి కూడా ఇంటినుంచే చేస్తోంది.

ఇక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు. తర్వాతి వారం రిజిస్టరు ముందేసుకొని, ఆర్నెల్లలో నేను సంతకం పెట్టిన టెస్టెడ్ ఓకేలన్నీ ఏరాను. ముందుగా చెప్పకుండా ఒక్కో చోటికి మల్లేశం, నేను పోయి చూశాం. అందులో ఒకటి చేగుంటలో ఎరువుల దుకాణం. రెండుసార్లు కంప్లయింట్ ఇచ్చి, మేం చూసి పోయాక మళ్ళీ ఇవ్వలేదు. బాగుపడిందని నేను అనుకున్నాను. దుకాణమాయన మోడెంను అట్టపెట్టెలో పెట్టి, తాడుతో కట్టి, అటక మీద పడేశాడు. మరి మాకెందుకు మళ్ళీ చెప్పలేదని అడిగాను.

“మీరు వచ్చి చూసి మంచిగుందని రాసుకపోయిండ్రు గద సార్” అన్నాడు, తప్పు తనదే అయినట్టు. “గంత పెద్ద సార్లు చెప్పినంక ఇంకేమున్నది? మాకే వాడరాదనుకున్నం.”

ఏరిన వాటిలో అట్లాంటి ఇళ్ళు ఇంకా దొరికాయి. అన్నీ చక్కబెట్టలేకపోయాం, కొందరు అప్పటికే కనెక్షన్ తీసేయించుకున్నారు. కంప్లయింట్ ఆగిందంటే లోపం పోయిందని కాదు, ఆ మనిషి మనల్ని అడగడం మానేశాడని కూడా కావచ్చు. ఇది నాకు ముప్పై ఏళ్ళ సర్వీసు దాటాక గాని తెలియలేదు. ఆ తర్వాత నా సబ్ డివిజన్‌లో టెస్టెడ్ ఓకే అని ఎవరినీ రాయనివ్వలేదు. ఇంటివాళ్ళు రోజూ కూర్చునే చోటే కూర్చోబెట్టి, వాళ్ళ చేతనే చేయించి, అప్పుడు కనబడింది రాయమన్నాను. గడి సరిపోవడం లేదని మల్లేశం గొణిగాడు. పక్క గడిలోకి పోయినా సరే రాయమన్నాను.